మా టీవీలో నల్లపిల్ల

ఆ రోజుల్లో మా పర్చూరులో టీవీలున్న ఇళ్లు రెండు రకాలు. రంగుల టీవీ ఉన్నవి ఒక రకం, మా నాన్న ఉన్నది ఇంకో రకం. మాది నలుపు తెలుపు పోర్టబుల్ టీవీ. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో కట్టెలు ఎంత పొదుపుగా కాల్చేవాడో, టీవీలో వెలుతురు కూడా మా నాన్న అంత పొదుపుగానే వాడేవాడు. "వెలుతురు ఎక్కువ పెడితే లోపల ట్యూబు అరిగిపోద్ది" అని, బ్రైట్‌నెస్ మీటని బాగా కిందికి తిప్పి, ఎవరూ ముట్టుకోకుండా దానిమీద ప్లాస్టరు అంటించాడు. (ఈ విజ్ఞానం ఆయనకు పొగాకు వేలం దగ్గర ఎవరో చెప్పారట. చెప్పినాయన ఇంట్లో అసలు టీవీయే లేదని తర్వాత తెలిసింది.) దాంతో మా టీవీలో కనపడ్డవాళ్లంతా నల్లగానే ఉండేవాళ్లు. వార్తలు చదివే ఆవిడ నలుపు, దేవుళ్లంతా నలుపు. సబ్బు ప్రకటనలో అమ్మాయి సబ్బు రాసుకోకముందు ఎంత నలుపో, రాసుకున్నాకా అంతే నలుపు. "ఆ సబ్బు పనిచెయ్యదే, దండగ" అని మా నాయనమ్మ తేల్చేసింది.

నేను నలుపు. చామనచాయ అని సర్దుకునే నలుపు కాదు, చూసినవాళ్లకి వెంటనే ఏదో ఒక సలహా ఇవ్వాలనిపించే నలుపు. మా ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషీ మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టేలోపు నాకో వైద్యం చెప్పేది. శనగపిండి, మీగడ, పసుపు, కమలాతొక్కల పొడి. నా మొహానికి పట్టించిన సరుకుతో ఒక చిన్నపాటి వంట చెయ్యొచ్చు. అలాంటి నాకు ఆరో క్లాసులో ఉండగా, ఆదివారం పొద్దున పూట టీవీలో ఒక బొమ్మల పిల్ల దొరికింది. ఇంతింత కళ్లు, భుజాన స్కూలు సంచీ, కాళ్లకి మేజోళ్లు. సైకిలు మీద ఝామ్మని వచ్చి, అన్యాయం చేసేవాడి ముందు ఆగి, రెండు చేతులూ నడుం మీద పెట్టి అరిచేది. ఏమని అరిచేదో మాకు తెలియదు, ఆ మాటలు హిందీలో ఉండేవి. కాబట్టి ఆ పిల్ల మాటలన్నీ నేనే తెలుగులో పెట్టుకున్నాను. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఆ పిల్ల నల్లగా ఉండేది. అచ్చం నాలా. నల్లపిల్ల, ఎవరూ శనగపిండి పులమకుండానే హీరోయిన్ అయి కూర్చుంది! నా సంతోషం ఏం చెప్పను.

"నాయనమ్మా, ఈ పిల్లది ఏ ఊరై ఉంటది?" అనడిగాను ఒకరోజు.

నాయనమ్మ కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసింది. "ఏ ఊరేందే, మన పిల్లే. చూడు, చెప్పులు గుమ్మం బయటే విడిచింది. కింద కూర్చుని అన్నం తింటంది. పెద్దాళ్లు కనపడితే వొంగి దణ్ణం పెడతంది. ఈ కాలంలో మన వీధిలో పిల్లలకే అంత బుద్ధి లేదు. సత్తెనపల్లి వైపు పిల్లేమో, గొంతు పెద్దది" అంది. (నాయనమ్మ పుట్టిల్లు సత్తెనపల్లి పక్క పల్లె.) ఇంకేం కావాలి? ఆ పిల్ల మా జిల్లాది కాకపోతే పక్క జిల్లాది అని నాకు రూఢి అయిపోయింది.

ఆ ఏడాది స్కూలు వార్షికోత్సవానికి మా సోషల్ మేడం ఈ బొమ్మల కథనే తెలుగులో నాటిక వేయిస్తానన్నారు. "ఆ పిల్ల వేషం ఎవరేస్తారు?" అని ఆవిడ నోట్లోంచి మాట పూర్తిగా రాకముందే నేను బెంచీ మీద నిలబడ్డాను. నాకు ఆ నడక వచ్చు, ఆ అరుపు వచ్చు, సైకిలు వచ్చు. క్లాసంతా గొల్లున నవ్వింది. నా పక్కనే కూర్చునే నా ప్రాణ స్నేహితురాలు మీగడ (మనిషి అంత తెల్లగా ఉండేది, అందుకని ఆ పేరు) నా గౌను పట్టుకుని లాగి, "కూర్చోవే, ఆ పిల్ల తెల్లగా ఉంటది" అంది మెల్లగా.

"తెల్లగానా? నీకేమన్నా కళ్లు పోయినయ్యా? నాకన్నా ఒక చాయ నలుపే!"

"మా టీవీలో తెల్లగానే ఉంటదే!"

"అయితే మీ టీవీ చెడిపోయింది!"

మేడం మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, వచ్చే సోమవారం చెబుతానన్నారు. ఆదివారం పొద్దున్నే నేను మీగడ వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాన్న పొగాకు కంపెనీలో ఉద్యోగి, వాళ్లది పెద్ద రంగుల టీవీ, దానికి అల్లికల ముసుగు. మీగడ ముసుగు తీసింది. బొమ్మల పిల్ల సైకిలు మీద ఝామ్మని వచ్చింది. సున్నం కొట్టిన గోడలాంటి మొహం, ఆకుపచ్చ కళ్లు, నెత్తిమీద ఇంకు బుడ్డి ఒలికినట్టు నీలం జుట్టు! నడుం మీద చేతులు మాత్రం నావే.

"దొరల పిల్లే" అంది మీగడ. వాళ్ల నాన్న పేపరు పక్కన పెట్టి, "దొరలెవరికీ నీలం జుట్టుండదమ్మా. మా కంపెనీకి వస్తుంటారుగా, చూశాను. ఈ బొమ్మలు గీసేది జపాన్‌వాళ్లు. వాళ్ల జుట్టు మనలాగే నలుపు" అన్నారు. మరి ఈ పిల్ల ఎవరు? ఆయనకీ తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది. మీగడ జంతికల డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఏడుస్తూనే తిన్నాను.

ఇంటికొచ్చి నాన్నని అడిగాను, "ఒక్కసారి వెలుతురు పెంచవా" అని. మొదటిసారి అడిగినందుకో, నా మొహం చూసో, నాన్న ప్లాస్టరు పీకి మీట తిప్పాడు. తెరమీద ఎవరో పాటలు పాడుతున్నారు. మనుషులంతా తెల్లబడి, ముక్కూ మూతీ చెరిగిపోయి, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడ్డట్టు అయిపోయారు. "అయ్యో, పచ్చకామెర్లొచ్చినోళ్లలాగా పాలిపోయార్రా, తగ్గించు తగ్గించు" అని నాయనమ్మ గగ్గోలు పెట్టింది. నాన్న తగ్గించాడు. అందరూ మళ్లీ నల్లగా, ఆరోగ్యంగా కనపడ్డారు.

సోమవారం వేషం మీగడకి వెళ్లింది. నాకు పోలీసు వేషం ఇచ్చారు, టోపీ మొహం మీదికి ఉంటుంది కాబట్టి. నీలం జుట్టు సంగతేంటని మీగడే అడిగితే, "ఇప్పుడు నీలం జుట్టు ఎక్కడ తెస్తాం, నల్లగా ఉన్నా పర్లేదు" అన్నారు మేడం. జుట్టు నల్లగా ఉన్నా పర్లేదట. మొహం మాత్రం పనికిరాదట. ఆ లెక్క నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. రిహార్సల్స్‌లో మీగడ గొంతు పక్క బెంచీకే వినపడేది కాదు. ఇంటర్వెల్‌లో చెట్టు వెనక దానికి అరవడం నేనే నేర్పాను, కడుపులో మంట అలా ఉంచుకునే. ఎంత నేర్పినా అది "అన్నగారూ, అన్యాయమండీ" అన్నట్టే అరిచేది.

వార్షికోత్సవం సాయంత్రం మేకప్‌కి రంగుల తాతని పిలిపించారు. చుట్టుపక్కల ఊళ్లలో ఏ పౌరాణిక నాటకం ఆడినా ఆయన రేకు పెట్టె రావాల్సిందే. ఆయనకు పాత్రల్లో మూడే జాతులు: దేవుళ్లు, రాక్షసులు, మనుషులు. వరసలో నిలబడ్డ పిల్లల్ని "నువ్వేందమ్మా?" అని అడగటం, ఆ జాతి రంగు తీసి పులమటం. నా వంతొస్తే "పోలీసు" అన్నాను. ఆ జాతి ఎందులోకి వస్తుందో కాసేపు ఆలోచించి, ఉత్త మీసం పెట్టి పంపేశాడు. తర్వాత మీగడ.

"నేను బొమ్మల పిల్లని తాతా."

"అదేం జాతే? ఎట్టా ఉంటది?"

"ఏ జాతో ఎవరికీ తెలీదు తాతా. జుట్టు మాత్రం నీలంగా ఉంటది."

"నీలమా? మరి ముందే చెప్పవేం! కళ్లు మూసుకో తల్లీ."

జుట్టే నీలంగా ఉన్న మనిషికి ఒళ్లు ఇంకో రంగు ఎలా ఉంటుందన్నది ఆయన తర్కం. నీలంగా ఉండేవాళ్లు ఆయన పెట్టెలో ఒక్కరే. మీగడ బుద్ధిగా కళ్లు మూసుకుంది. తెరిచేసరికి సాక్షాత్తూ శ్రీకృష్ణ పరమాత్మ. నుదుట నామం కూడా పెట్టేశాడు.

మేడం వచ్చి చూసి కెవ్వుమన్నారు. ఆ రంగు పోవాలంటే కొబ్బరినూనె రాసి, గుడ్డతో తుడిచి, మళ్లీ రాసి తుడవాలి. అవతల మైకులో మా నాటిక పేరు చదివేశారు. మీగడ నీలం కన్నీళ్లు కారుస్తూ, "మేడం, అది చేస్తది. దానికంతా వచ్చు" అని నన్ను చూపించింది. మేడం నన్ను చూశారు, తాతని చూశారు, "తెల్లగా వెయ్యండి, తొందరగా" అన్నారు. తాత తెల్లరంగులో వేళ్లు ముంచాడు.

నేను మీసం పీకేశాను. "నాకు రంగొద్దు తాతా. మా టీవీలో ఆ పిల్ల ఇట్టాగే ఉంటది" అన్నాను. తాత నా వంక చూసి, వేళ్లు గుడ్డకి తుడుచుకుని, "నయం, పని తప్పింది. పో తల్లీ" అన్నాడు.

పోలీసు టోపీ, చొక్కా తీసేసి గౌనుతో నిలబడితే, మీగడ సంచీ నా భుజాన తగిలించింది. సైకిలెక్కి స్టేజీ మీదికి వెళ్లి, ఆపి, నడుం మీద చేతులు పెట్టాను. ముందు కుర్చీల్లో రంగుల టీవీలవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఈ పిల్లెవరో వాళ్లకి అంతుపట్టలేదు. అంతలో వెనక, నేలమీద పరిచిన పట్టాల మీద కూర్చున్న జనంలోంచి ఒక కేక లేచింది. "ఒరేయ్, ఆదివారం పిల్లరా! అచ్చం అదే!" ఇంకో గొంతు, ఇంకో గొంతు. ఈలలు, చప్పట్లు. అప్పుడు తెలిసింది నాకు, పర్చూరులో టీవీకి ప్లాస్టరు అంటించిన నాన్న మా నాన్న ఒక్కడే కాదని. నేను అరిచిన అరుపు బస్టాండు దాకా వినపడిందని మా నాన్న ఇప్పటికీ చెప్పుకుంటాడు. (చివర్లో మేడం ఏం తోచక మీగడని కూడా స్టేజీ మీదికి తోసేశారు. కృష్ణుడు ప్రత్యక్షమయ్యేసరికి ముసలమ్మలు లేచి దణ్ణాలు పెట్టారు. నాకన్నా దానికే ఎక్కువ చప్పట్లు, అది వేరే సంగతి.)

ఇప్పుడు నేనుండేది గుంటూరులో. మొన్న మా అమ్మాయి ఫోన్లో ఏవో బొమ్మలు చూస్తుంటే, పక్కనుంచి తొంగిచూసి ఆగిపోయాను. అదే సైకిలు, అదే సంచీ. అదే సున్నం మొహం, నీలం జుట్టు కూడా. మా అమ్మాయిది నా రంగే. దానికీ చుట్టాలు సలహాలు మొదలుపెట్టారు. నా చెయ్యి నాకు తెలియకుండానే ఫోను మీదికి వెళ్లింది, కాస్త వెలుతురు తగ్గిద్దామని.

"అబ్బా, ఉండమ్మా!" అని నా చెయ్యి తోసేసింది. "చూడు, ఈ పిల్ల అచ్చం నాలా లేదూ?"

"ఎక్కడే? జుట్టు నీలం కదే" అన్నాను.

అది నన్ను ఏమీ తెలియనిదాన్ని చూసినట్టు చూసింది. సోఫా మీంచి లేచి, రెండు చేతులూ నడుం మీద పెట్టి నిలబడింది. "ఇట్టా" అంది.