ముడి విప్పని పప్పు పొట్లం

సూరత్‌లో లాక్‌డౌన్ పెట్టిన రెండో నెలలో నేనొక అబద్ధం ఆడాను. అదే అబద్ధం రెండుసార్లు. మొదట మా కాకతో, తర్వాత కుక్కలకు వైద్యం చేసే డాక్టరమ్మతో.

కాక నాకు రక్తసంబంధి కాదు. మా పక్క ఊరివాడు. పాండేసర దగ్గరి సాంచాల కార్ఖానాకు నన్ను తీసుకొచ్చి, ఆ మరమగ్గాల మీద తెగిన పోగును అతకడం దగ్గర్నుంచి అన్నీ నేర్పినవాడు. ఒకే గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. కార్ఖానాలు మూతపడ్డాక ఒక్కొక్కరే ఏదో ఒక బండి పట్టుకుని ఊరి దారి పట్టారు. కాక, నేను మిగిలాం. వలస కూలీల రైలుకు పేర్లు రాయించి, ఫోన్ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాం.

మాతోపాటు ఒక ఎర్ర కుక్క. ఆడది. అంతకు ముందు కార్ఖానా గేటు దగ్గర ఉండేది. షిఫ్టు దిగినవాళ్లు వేసే బిస్కెట్లు, చాయ్ బండి దగ్గర దొరికే పావ్ ముక్కలు తిని బతికేది. గేటుకు తాళం పడ్డాక కొన్నాళ్లకే దాని పక్కటెముకలు తేలిపోయాయి. కాక దాన్ని పిలుచుకొచ్చి మా మెట్ల కింద గోనెసంచి పరిచాడు. రోజూ మధ్యాహ్నం పిడికెడు బియ్యం మెత్తగా ఉడికించి, చల్లార్చి పెట్టేవాడు. ఉప్పూ కారం తగలనిచ్చేవాడు కాదు.

"ఇన్ని దినాలు కడుపు మాడినది. ఒక్కసారే నూనెది, మసాలాది పెడ్తే దాని పేగులు తట్టుకుంటయా?" అనేవాడు.

నాకది నచ్చేది కాదు. డబ్బాలో బియ్యం అడుగు కనిపిస్తుంటే కుక్కకు వేరుగా వండడమేమిటని లోలోపల మండేది. కాక ముందు ఆ మాట అనే ధైర్యం లేదు.

ఒకరోజు తిండి పొట్లాలు పంచే బండి వచ్చిందని తెలిసి కాక వరుసలో నిలబడడానికి బయల్దేరాడు. "దానికి జర బియ్యం ఉడకబెట్టు కొడుకా" అని చెప్పి పోయాడు. నేను చాప మీద పడుకుని ఫోన్ చూస్తున్నాను. లేవబుద్ధి కాలేదు. ముందురోజు వచ్చిన పొట్లం ఒకటి మూలన ఉంది. ఖిచిడీ పులిసి వాసన వేస్తోంది. దాంతో వచ్చిన పప్పు పల్చటి ప్లాస్టిక్ సంచిలో, దారంతో గట్టిగా ముడివేసి, అలాగే ఉంది. రెండూ తీసుకెళ్లి మెట్ల కింద పడేశాను. ముడి కూడా విప్పలేదు. అది తోకాడిస్తూ మీదికొచ్చింది. నేను తలుపేసుకున్నాను.

కాక వచ్చి అడిగితే "పెట్టిన కాకా" అన్నాను.

తెల్లారేసరికి కుక్క కక్కుతోంది. మొదట పులిసిన అన్నం, తర్వాత పసుపుపచ్చటి నురగ. వీపు వంచి, తల కడుపు వైపు తిప్పి చూసుకుంటోంది. మెట్ల కిందంతా వెతికాను. ఖిచిడీ లేదు. పప్పు పొట్లమూ లేదు. చిన్న ప్లాస్టిక్ ముక్క కూడా కనబడలేదు. సంచితో సహా మింగేసిందని అర్థమైంది. అయినా నోరు విప్పలేదు.

కింది గదిలో ఉండే ఒకాయన, జ్వరం గోళీ సగం వేయమని తెచ్చిచ్చాడు. కాక తీసుకోలేదు. "మన గోళీలు వాటికి విషమైతయట" అన్నాడు. చాయ్ బండివాడి తోపుడుబండి అడిగి తెచ్చాడు. దాని మీద గోనెసంచితో సహా కుక్కను పడుకోబెట్టి, మూగజీవాల కోసం ఎవరో నడిపే ధర్మాసుపత్రికి తోసుకుంటూ వెళ్లాం. దారిలో పోలీసు ఆపాడు. "బీమార్ హై సాబ్" అని కాక చేతులు జోడిస్తే, కుక్క వైపు ఒకసారి చూసి లాఠీతోనే పొమ్మని దారి చూపాడు.

డాక్టరమ్మ వయసులో చిన్నది. మాస్కు మీద కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. కుక్క పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది. భుజం మీది తోలు పట్టి లాగి వదిలింది. తోలు మెల్లగా కిందికి దిగింది. ఒంట్లో నీళ్లు తగ్గాయంది. తర్వాత హిందీలో అడిగింది.

"ఏం తిన్నది?"

"మెత్తటి అన్నమే మేడమ్" అన్నాడు కాక.

"ఇంకేమైనా మింగిందా? ఎముక, గుడ్డ, ప్లాస్టిక్? బాగా ఆలోచించి చెప్పండి. వట్టి అజీర్ణమైతే మందుతో తగ్గుతుంది. లోపల ఏదైనా అడ్డం పడితే ఈ మందు పనిచేయదు, ప్రాణం మీదికొస్తుంది."

ఆమె నా వైపు కూడా చూసింది. కాక పక్కనే ఉన్నాడు. "ఏం లేదు మేడమ్" అన్నాను.

సెలైన్ ఎక్కించి, వాంతులు ఆగడానికి సూది ఇచ్చింది. పూట పాటు ఏమీ పెట్టొద్దని, నీళ్లు మాత్రం కొద్దికొద్దిగా ఇవ్వమని, కక్కకుండా ఉంటే పల్చటి గంజి, ఆ తర్వాత పెరుగన్నం పెట్టమని చెప్పింది. మళ్లీ కక్కితే మాత్రం ఆగకుండా తీసుకురమ్మంది.

కాక ఆమె చెప్పింది చెప్పినట్టే చేశాడు. చెంచాతో నీళ్లు పట్టాడు. సాయంత్రానికి కుక్క కొంచెం తేరుకున్నట్టు కనిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. గండం గడిచింది, ఇక ఎవరికీ చెప్పాల్సిన పని లేదనుకున్నాను. మర్నాడు పొద్దున గంజి తాగించగానే మొత్తం కక్కేసింది. తర్వాత తాగిన నీళ్లూ నిలవలేదు. పొట్ట బిగిసిపోయింది. ముట్టుకుంటే మూలిగింది.

కాక గంజి గిన్నె పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. గిన్నెలో వేలు పెట్టి మెతుకులు నలిపి చూసుకుంటున్నాడు.

"సక్కగ ఉడకలేదా ఏందిరా? నేనే ఏమన్న తప్పు జేసిన్నా?"

ఆ మాట తట్టుకోలేకపోయాను.

"నువ్వు గాదు కాకా. నేను. మొన్న అన్నం ఉడకబెట్టలే. పాసిపోయిన ఖిచిడీ ఏసిన. పప్పు పొట్లం గూడ... ముడి ఇప్పలే. సంచితోని మింగింది."

కాక గిన్నె కింద పెట్టాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను.

"నిన్న డాక్టరమ్మ అడిగినప్పుడు నోట్లె ఏం పెట్టుకున్నవ్‌రా?" అన్నాడు. అంతే. లేచి కుక్కను ఎత్తుకున్నాడు. నేను బండి దగ్గరికి వెళ్తే, చేత్తో పక్కకు జరిపి తానే తోసుకుంటూ పోయాడు. నేను వెనక నడిచాను.

ఈసారి డాక్టరమ్మకు నేనే చెప్పాను. ఆమె కుక్క పొట్టను రెండు చేతులతో నెమ్మదిగా ఒత్తి చూసి, ఒకచోట ఆగింది. ఆ మధ్యాహ్నమే పొట్ట కోసింది. తీసిన ప్లాస్టిక్‌ను పళ్లెంలో పెట్టి చూపించింది. తాడులా మెలితిరిగి ఉంది. దాని కొసన దారం ముడి అలాగే ఉంది. పేగు ఒకచోట నల్లబడుతోందనీ, నిన్ననే తెలిసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదనీ అంది. బతుకుతుందని మాటివ్వలేనంది.

నాలుగైదు రోజులు ఎటూ తేలలేదు. జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్లీ వచ్చింది. కాక రోజూ పొద్దున్నే నడిచిపోయి ఆసుపత్రి గేటు బయట కూర్చునేవాడు. రాత్రి గదికొచ్చాక నేను తిన్నవా అని అడిగితే, తిన్న అని పడుకునేవాడు.

ఆ వారమే రైలుకు ఇద్దరి పేర్లూ వచ్చాయి. కాక తన సంచీ సర్దలేదు.

"నువ్వు పో. అది గిట్ల పడున్నది, నేనెట్ల వస్త?"

"నేనూ ఉంట కాకా."

"నువ్వుండి ఏం జేస్తవ్?"

నా సంచీ ఒక్కటే సర్దుకున్నాను. వెళ్లిపోయాను. క్వారంటైన్ అని ఊళ్లో బడిలో విడిగా ఉంచిన రోజుల్లో రోజూ ఫోన్ చేసేవాణ్ని. కాక కుక్క సంగతి ఒక్కటే చెప్పేవాడు. గంజి నిలిచింది. లేచి నిలబడ్డది. కుట్లు ఇప్పిన్రు. ఆ మాట తర్వాత ఫోన్ పెట్టేసేవాడు.

దీపావళి దాటాక సాంచాలు మళ్లీ నడుస్తున్నాయని తెలిసి తిరిగొచ్చాను. కాక వేరే కార్ఖానాలో చేరి, గది మారాడు. వెతుక్కుంటూ పోయాను. కుక్క నన్ను చూసి తోకాడిస్తూ వచ్చి చెయ్యి నాకింది. పొట్ట మీద వెంట్రుకలు మొలవని సన్నటి గీత. కాక ఊరి సంగతులడిగాడు, చాయ్ పోశాడు. ముఖంలో కోపం లేదు.

కుక్కకు ఉడికించిన అన్నం చల్లారిందని చూసి, నేను లేచి పళ్లెం అందుకున్నాను.

"నువ్వు కూసో. నేను పెడ్త" అన్నాడు కాక.

పళ్లెం నా చేతిలోంచి తీసుకుని, అడుగు దాకా వేళ్లు పోనిచ్చి ఒకసారి కలిపి చూశాడు. తర్వాత దాని ముందు పెట్టి, అది చివరి మెతుకు తినేదాకా పక్కనే గొంతుక్కూర్చున్నాడు.