కుట్టుమిషన్ అమ్మి పాత చీర మోసుకెళ్ళిన మనిషి

మా బంధువుల్లో ఒక జోకు ఉంది. పెళ్ళో పుట్టినరోజో జరిగి, అందరూ కడుపునిండా తిని కూర్చున్నాక ఎవరో ఒకరు దాన్ని బయటకు తీస్తారు. "మా చిన్నమ్మ ఉండె గదా, పాత చీర ఇచ్చి రానీకి కుట్టుమిషన్ అమ్ముకొని బెజవాడ పోయింది" అంటారు. అందరూ నవ్వుతారు. ఆ చిన్నమ్మ మా అమ్మ.

ఈమధ్య ఎల్బీనగర్‌లో మా పెద్దనాయన కొడుకు కొత్త ఫ్లాటు కొనుక్కుని భోజనాలకు పిలిస్తే వెళ్ళాను. అక్కడ మళ్ళీ అదే జోకు. నేను చాలా ఏళ్ళు దినపత్రికలో పనిచేశాను. విలేకరి సగం వార్త రాసుకొస్తే కూర్చోబెట్టి మిగతా సగం రాయించడం నా ఉద్యోగం. ఈ సగం వార్త మాత్రం యాభై ఏళ్ళకు పైగా మా ఇళ్ళల్లో తిరుగుతోంది. మిగతా సగం రాయాల్సింది నేనే.

అరవైతొమ్మిదికి ముందు నుంచీ మేం దిల్‌సుఖ్‌నగర్‌లో, విజయవాడ రోడ్డుకు కొంచెం లోపల, పెంకుటిళ్ళ వరుసలో కిరాయికి ఉండేవాళ్ళం. ఇప్పటి బట్టల షోరూములు చూసినవాళ్ళు నమ్మరు గానీ వెనక తలుపు తీస్తే జొన్నచేను కనిపించేది. మాది నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. నాన్న లారీలకు బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగి. అమ్మ ఇంట్లో కాలిమిషన్ మీద జాకెట్లు, లంగాలు కుట్టేది. క్రిస్మస్ ముందు ఆ మిషన్ చప్పుడు ఆగేది కాదు. మా ఇంట్లో విలువైన వస్తువంటూ ఉంటే అదొక్కటే.

పక్కింట్లో కృష్ణా జిల్లా వాళ్ళు. ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆవిడ ఒకరోజు జాకెట్ బిగుతైందని విప్పించుకోవడానికి వచ్చింది. జాకెట్ ఆ పూటే అయిపోయింది, మాటలు మాత్రం రెండేళ్ళు నడిచాయి. ఆవిడకు అప్పటికే ఇద్దరు పుట్టి పోయారు. మూడోసారి నెల తప్పింది. తల్లి లేదు.

మా రెండు వైపులా ఒకే ఆచారం. పుట్టబోయే బిడ్డకు ముందుగా కొత్తబట్ట కొనరు, కుట్టరు. బిడ్డ పుట్టగానే పాత మెత్తటి బట్టలో పడుతుంది. ఆ బట్ట పిల్లలందరూ నిలిచిన తల్లిదైతే మంచిదంటారు. మా అమ్మకు ముగ్గురం, ముగ్గురమూ నిలిచాం.

"అక్కయ్య గారూ, ఈసారి బిడ్డని మీ చీరలోనే పట్టాలండీ" అంది ఆవిడ ఒక మధ్యాహ్నం, మిషన్ పక్కన పీట మీద కూర్చుని.

"నా చీరలల్ల పాతది గానిదేదన్న ఉన్నదా చెల్లె? నీకేది నచ్చితే గది తీస్కో."

"చీరొక్కటే కాదండీ. మీరు దగ్గరుండాలి. మా అమ్మ ఉంటే ఆవిడనే అడిగేదాన్ని."

అమ్మ నోట్లో దారం కొస కొరుకుతూ, "ఉంట తియ్యి. యాడికి పోత?" అంది. తర్వాత నావైపు చూసి, "పాస్టరయ్యకు చెప్పకు. బిడ్డను దేవుడు చూసుకుంటడు, చీర సంగతి నేను చూస్కుంట" అని నవ్వింది.

ఎక్కడికీ పోనన్నది అమ్మ. పోవలసి వచ్చింది ఆవిడ.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం సంగతి నేను తక్కువ చేసి రాయడం లేదు. మా ఉద్యోగాలు మాకు కావాలన్న మాటలో తప్పు లేదు. కాలేజీ మూతపడ్డాక మిగతా అమ్మాయిలతో నేనూ ఊరేగింపులో నడిచాను, గొంతు పోయేదాకా అరిచాను. ఈ రోజుకీ ఆ అరుపు వెనక్కి తీసుకోను. కానీ గోడల మీద వెళ్ళిపొమ్మని రాతలు పడ్డాక, పక్కింటాయన సైకిల్ ఎవరో విరగ్గొట్టాక, ఆవిడ కిటికీ తెరవడం మానేసింది. నెలలు నిండకముందే బెజవాడలో అత్తగారింటికి పోవాలని నిర్ణయించుకున్నారు. సామానంతా లారీలో పట్టదు, కొంత అమ్మాలి.

అప్పుడు చూశాను మా వాళ్ళ అసలు ముఖాలు. ఊరేగింపులో ఒక్కరోజు కనిపించనివాళ్ళు, లాఠీ అంటే ఎట్లా ఉంటుందో తెలియనివాళ్ళు, వాళ్ళింటి ముందు వరుసకట్టారు. అందరికన్నా ముందు మీర్‌పేట నుంచి ఎడ్లబండి కట్టుకుని మా పెద్దనాయన వచ్చాడు. మంచం తట్టి చూశాడు, బిందెలు బోర్లించి చూశాడు. ధర ఆయనే చెప్పాడు.

"అంత తక్కువైతే ఎలాగండీ?" అన్నాడు పక్కింటాయన.

"రేపటికల్ల ఊకెనే ఇడిచిపెట్టి పోతరు సారూ. నేను గిదన్న ఇస్తున్న, సంతోషపడుండ్రి."

ఆవిడ తలుపు చాటున నిలబడి వింటోంది. అమ్మ మిషన్ ఆపి బయటకు వచ్చింది. "బావా, కడుపుతోటి ఉన్న మనిషి పండుకునే మంచం అది. పోయే రోజుదాంక అన్న ఉండనియ్యి."

"బేరంల ఆడోళ్ళకేం పనమ్మా? నువ్వు నీ గుండీలు చూస్కో" అన్నాడు పెద్దనాయన.

మంచం ఆ సాయంత్రమే బండెక్కింది. మిగిలిన రోజులు ఆవిడ మా ఇంట్లో, అమ్మ మంచం మీద పడుకుంది. లారీ కదిలేటప్పుడు ముందు సీట్లోంచి తల బయటపెట్టి, "మాట మర్చిపోకండి అక్కయ్య గారూ" అంది. అమ్మ చేయి ఎత్తింది, అంతే.

ఆ తర్వాత సమ్మెలూ బందులూ వచ్చాయి. నాన్న షెడ్డు మూసేశారు. జాకెట్లు కుట్టించుకునేవాళ్ళూ తగ్గిపోయారు. అలాంటి రోజుల్లో అమ్మ ఊరి లారీ డ్రైవరొకాయన, వరసకు ఆమెకు అన్న, అప్పుడు వాళ్ళ సామాను దింపి వచ్చినవాడే, బెజవాడ నుంచి వస్తూ మా వాకిట్లో ఆగాడు. "నీ దోస్తు కనవడ్డదమ్మా. దినాలు దగ్గరికొచ్చినయట. అక్కయ్య గారు వస్తారా రారా అని అడిగింది."

ఇంట్లో చూస్తే దారి ఖర్చుకూ, అమ్మ లేనన్నాళ్ళు ఇల్లు గడవడానికీ ఏమీ లేదు. అమ్మ ఆ పూట అన్నం వండుతూ ఏదో ఆలోచించింది. తిన్నాక నాన్నతో, "మిషనమ్ముదాం" అంది.

నాన్న మిషన్ వైపు చూశాడు. ఆ మిషన్ బల్లకు చెక్క బిగించింది ఆయనే. "మల్ల కొనుడు కష్టమే" అన్నాడు.

"ఎరికె."

ఆయన లేచి మిషన్‌కు అంటిన దారపు పోగులు ఏరడం మొదలుపెట్టాడు. ఒప్పుకున్నట్టే.

వాసన పట్టినట్టు మర్నాడే మళ్ళీ పెద్దనాయన బండి వచ్చింది. కొనేది తనే అయినా మందలించడం మానలేదు. "పాగల్ అయినవా? బువ్వ పెట్టే మిషన్ అమ్మి బస్సెక్కుతవా? చీరే గద, డ్రైవర్‌కిచ్చి పంపరాదు?"

"చీర పోతది బావా. నేను పోవాలె గదా."

"వాళ్ళు మనకేమైతరు?"

ఇప్పటికీ ఆ ప్రశ్న వినిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆవిడ మంచాన్ని సగం ధరకు లాక్కున్న రోజు ఆయనకా ప్రశ్న రాలేదు. మిషన్‌నూ అలాగే తీసుకున్నాడు. నాన్న ఒక పక్క, ఆయన జీతగాడు ఒక పక్క పట్టి బండిలో ఎక్కించారు. అమ్మ సూదుల పెట్టె మాత్రం ఇవ్వలేదు.

తీరా చూస్తే బందు వల్ల బస్సులు లేవు. ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా అంటున్న చోట, అప్పట్లో ఖాళీ రోడ్డు పక్కన, పొద్దున్నే డ్రైవర్ మామ లారీ కోసం నిలబడ్డాం. కాలేజీ లేదు గనక నన్ను తోడు తీసుకుంది. చంకలో గుడ్డమూట. అందులో ఉతికి ఉతికి రంగు వెలిసిన ఆకుపచ్చ నేతచీర, ఒక డబ్బా గరిజెలు.

సూర్యాపేట దాటాక కుర్రవాళ్ళు రోడ్డుకు రాళ్ళు అడ్డంపెట్టి లారీ ఆపారు. "ఏడికి పోతున్రు?" అన్నాడొకడు.

"కాన్పుకు" అంది అమ్మ.

"ఎవలదమ్మా?"

"మా చెల్లెది."

రాళ్ళు తీశారు. "ఆడపిల్ల పుడితే తెలంగాణ అని పేరు వెట్టుండ్రి" అని ఒకడు వెనక నుంచి అరిచాడు. డ్రైవర్ మామ పగలబడి నవ్వాడు. "ఆ మాట గిక్కడనే మర్చిపో చెల్లె. బెజవాడల అంటే మనల్ని కృష్ణల ఏస్తరు."

నేను అంతకు ముందు నల్లగొండ దాటలేదు. అమ్మా దాటలేదు. కృష్ణ వంతెన కనిపించినప్పుడు ఆమె లారీ కిటికీలోంచి నడుముదాకా వంగి చూసింది. "గిన్ని నీళ్ళుంటయా?" అంది. మా పెద్దనాయన తన జీవితమంతటిలో మీర్‌పేటకూ దిల్‌సుఖ్‌నగర్‌కూ మధ్యే తిరిగాడు. కొన్నవి దాచుకోవడానికి ఆయనకు ఆ మేర సరిపోయింది.

గుమ్మంలో ఎదురైంది అత్తగారు. ఎవరండీ అని అడిగి, హైదరాబాదు అని వినగానే ముఖం మారింది. "మా అబ్బాయిని ఉండనిచ్చారా మీవాళ్ళు? నిండు చూలాలు కటిక నేల మీద పడుకునేలా మంచం కూడా లాక్కుంటారా? ఇప్పుడేం చూడ్డానికొచ్చారు?"

నేల మీద పడుకోలేదని చెప్పబోయాను. అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. అత్తగారు తిట్టడం అయ్యేదాకా నిలబడింది. అప్పుడు, "తిట్టుడు అయితే జర మంచినీళ్ళియ్యుండ్రి పెద్దమ్మా. తాగినంక మల్ల తిట్టుండ్రి" అంది.

ఈలోగా లోపల్నుంచి మా పక్కింటావిడ, గోడ పట్టుకుని, పొట్ట పట్టుకుని, "అక్కయ్య గారూ" అంటూ వచ్చింది. ఇక అత్తగారి మాట ఎవరికి వినపడుతుంది?

అయినా అత్తగారు సులువుగా లొంగలేదు. మర్నాడు అమ్మ విప్పిన చీరను వేలితో ముట్టి, "మా ఇంటి బిడ్డకి మా ఇంటి బట్ట ఉండదా? మీరు వేరే మతం కూడానాయె" అంది. గరిజెల డబ్బా తెరిచి, "ఇవి కజ్జికాయలేగా" అని పక్కన పెట్టింది. పెట్టాక ఒకటి తింది. మేం ఆ ఇంట్లో వసారాలో పడుకున్నాం. అమ్మ అంట్లు తోమింది, బియ్యం ఏరింది, మా పక్కింటావిడ కాళ్ళు ఒత్తింది. నాకు కోపం వచ్చేది. ఇంతదూరం వచ్చింది ఇందుకా అని గొణిగేదాన్ని. "ఇల్లన్నంక పనుంటది" అనేది అమ్మ.

నొప్పులు మొదలైన మధ్యాహ్నం మంత్రసాని లోపల, అమ్మ లోపల. అత్తగారు గడప బయట కూర్చుని దేవుళ్ళందరినీ పిలుస్తోంది. ఏడుపు వినపడింది. అంతకుముందు ఇద్దరూ ఏడవలేదట, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అత్తగారు చప్పున లేచింది. నా ఒళ్ళో ఉన్న గుడ్డమూట వైపు చేయి చాపి, "ఆ చీర ఇలా ఇవ్వమ్మా" అంది. తనే దాన్ని లోపలికి తీసుకెళ్ళి మా అమ్మ చేతుల మీద పరిచింది.

ఆడపిల్ల. బతికి బట్టకట్టింది.

తిరిగి వచ్చాక అమ్మ సుఖపడిందని రాస్తే అది కూడా సగం వార్తే అవుతుంది. మిషన్ మళ్ళీ కొనలేకపోయాం. చంపాపేటలో ఒక దర్జీ దుకాణానికి కాజాలు, హుక్కులు చేత్తో కుట్టి ఇచ్చేది. కళ్ళు మండుతున్నాయని తిట్టుకునేది, సూదిని తిట్టేది, దర్జీని తిట్టేది. వెళ్ళినందుకు మాత్రం ఎన్నడూ ఒక మాట అనలేదు. తర్వాతి రోజుల్లో చేతిలో కాస్త డబ్బు ఆడినప్పుడల్లా బెజవాడ బస్సెక్కింది. ఆ పిల్ల సెలవులకు మా ఇంటికి వచ్చేది. వెళ్ళేటప్పుడు ఏడ్చేది. అమ్మ పోయినప్పుడు సమాధిలో మట్టి వేసిన చేతుల్లో ఆ పిల్ల చెయ్యీ ఉంది. పెద్దనాయన ఇంటివాళ్ళు ట్రాఫిక్ అని ఆలస్యంగా వచ్చారు, అన్నం తిని వెళ్ళారు.

ఇక ఆ ఫ్లాటు. జోకు అయ్యాక ఫ్లాటు కొన్న అన్నయ్య నన్ను హాల్లోకి తీసుకెళ్ళాడు. "గీ కాఫీ టేబుల్ చూడు. యాంటిక్ పీస్. గిప్పుడు గిట్లాంటియి దొరుకుతలేవు." కింద ఇనుప స్టాండు, నల్లరంగు కొట్టిన చక్రం, పైన మందపాటి అద్దం. నాన్న బిగించిన చెక్క తీసేశారు. మిషన్ తల ఏమైందని అడిగితే పాత ఇనుము కొనేవాడికి వేశామన్నాడు.

"దీనిమీద మీ ఇంట్ల ఎవలన్న కుట్టిన్రా?" అన్నాను. అలాంటప్పుడు నాకు మా అమ్మ మాటే వస్తుంది.

"ఎవలకొస్తది కుట్టుడు? ఊకెనే పడి ఉండె."

అమ్మ చేతుల్లోంచి తీసుకుపోయి, ఒక్క జాకెట్ కుట్టకుండా మూలన పడేసి, తల అమ్ముకుని, కాళ్ళ మీద అద్దం పెట్టుకున్నారు. పెట్టుకుని, దాని చుట్టూ కూర్చుని, దాన్ని వదులుకుని నదిని చూసివచ్చిన మనిషిని చూసి నవ్వుతున్నారు.

కాలు చాపి ఆ పెడల్ నొక్కి చూశాను. కదలలేదు. ఊగకుండా వెల్డింగ్ చేయించామని వదిన గర్వంగా చెప్పింది. కాఫీ తెచ్చి, కప్పు టేబుల్ మీద పెట్టుకోమంది.

పెట్టలేదు. తాగినంతసేపూ కప్పు చేతిలోనే పట్టుకున్నాను. వేలు కాలింది. తాగేసి, లేచి, వంటింట్లోకి పోయి కడిగి బోర్లించి వచ్చాను. కిందికి దిగితే ఎదురుగా చౌరస్తా, మేం లారీ కోసం నిలబడ్డ చోటు. బెజవాడ బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.