లూపర్‌లో మోగిన రెండో గిటార్

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వి లేచిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను. పైగా ఇందులో భయపడాల్సిన దానికంటే నేను సిగ్గుపడాల్సిందే ఎక్కువ.

మాది వికారాబాద్, అత్తగారిది తాండూరు. పెళ్లయినప్పటి నుంచి అక్కడి చర్చిలో కోత పండుగ వస్తే గిటార్ నాదే. విశ్వాసులు తెచ్చిన కందులు, గుమ్మడికాయలు, కోళ్లు వేలం వేసే ముందు ఒక ప్రత్యేక పాట ఉంటుంది. అది అయ్యాక మా అత్తమ్మ పక్కవాళ్లతో "మా అల్లుడే" అనడం వినడానికే రైలెక్కేవాణ్ణి.

పోయినేడు మా బామ్మర్ది సునీల్ లూపర్ కొన్నాడు. మనం వాయించిన ముక్కను పట్టుకుని, అదే పనిగా తిరిగి వినిపించే డబ్బా అది. కాలితో నొక్కి దానిమీద ఇంకో ముక్క, ఆపైన ఇంకోటి పేర్చుకోవచ్చు. ఒక్కడే నలుగురిలా వినిపిస్తాడు. నా దగ్గర గిటార్ నేర్చుకున్నవాడు!

ఇంట్లో అడుగు పెట్టగానే అత్తమ్మ అంది: "గీసారి నువ్వు కూసోని ఇను అల్లుడా. మావోడు ఒక్కడే బ్యాండంత మోగిస్తడంట!"

నేనూ నవ్వాను. ఆ రాత్రి సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాను.

పొద్దున చర్చిలో సునీల్ వైర్లు నా ముందు పోశాడు. "నువ్వే కలుపు బావా, నాకన్న నీకే బాగ తెలుసు."

గిటార్ వైరు మొదట డిలేలోకి, అంటే ప్రతిధ్వని పుట్టించే డబ్బాలోకి, అక్కడి నుంచి లూపర్‌లోకి, తర్వాత స్పీకర్‌కు పోవాలి. అలాగైతే కోరుకున్న ముక్కకు మాత్రమే ప్రతిధ్వని వస్తుంది. నేను లూపర్ తర్వాత డిలే పెట్టాను. అలా పెడితే పేర్చినవన్నీ కలిసి ప్రతిధ్వనించి తాళం చెదురుతుంది. తెలిసే చేశాను. పాట ఆగాలి, అందరూ నావైపు చూడాలి. ఒకసారి వాయించి చూసుకునే వ్యవధి లేకుండానే ఆరాధన మొదలైంది.

రెండు ముక్కలు బాగా వచ్చాయి. మూడోదానికి డిలే నొక్కగానే అన్నీ ఒకదానిమీదొకటి పడ్డాయి. పాడేవాళ్లు తడబడ్డారు. సునీల్ నావైపు చూశాడు. నేను నేల బండలు చూశాను.

అప్పుడు స్పీకర్‌లో ఇంకో గిటార్ మొదలైంది. ఏ ప్రతిధ్వనీ లేకుండా, సరిగ్గా తాళం మీద. ఒక దెబ్బ కిందికి, వెంటనే అరచేత్తో తీగలు మూసి చిన్న "టక్". అది నా వాయింపు. నా చేతిని నేను గుర్తుపట్టనా? నా గిటార్ మాత్రం బ్యాగులోనే ఉంది. సునీల్ తీగల మీద నుంచి చెయ్యి తీసేసినా అది ఆగలేదు. పాడేవాళ్లు దాన్ని పట్టుకున్నారు, తర్వాత సునీల్ అందుకున్నాడు. పాట నిండుగా ముగిసింది.

నేను వెళ్లి చూశాను. వైర్లు నేను పెట్టినట్టే ఉన్నాయి. లూపర్‌లో సునీల్ వాయించినవి తప్ప ఏమీ లేవు. ఆ డబ్బాలో నేనెప్పుడూ వాయించలేదు.

బయట వేలం కేకల మధ్య సునీల్‌ను పక్కకు పిలిచాను. "వైర్లు కావాల్ననే తప్పు పెట్టిన."

"చూసిన బావా."

"మరి ఎందుకు మార్చలే?"

"నువ్వు పెట్టినవ్ గదా. నాకు తెల్వంది ఏదో ఉంటదనుకున్న. ఆఖరికి ఆదుకున్నది గూడ నువ్వేనాయె!"

నేను గిటార్ బయటికే తీయలేదన్నాను. "ఊకో బావా" అని భుజం మీద చెయ్యేసి నవ్వాడు.

ఆ వాయింపు ఎక్కడి నుంచి వచ్చిందో నేటికీ తెలియదు. వాయించింది నేను కాదని మాత్రం తెలుసు. అంత మంచి బుద్ధి ఆ పూట నాకు లేదు.