ప్లాట్నర్ గారి లిఫ్టు

ప్రపంచంలో ఏ తప్పు జరిగినా దానికి మా సంస్థ లిఫ్టే కారణమని వాదించే మనిషి ప్రొఫెసర్ గాట్‌ఫ్రీడ్ ప్లాట్నర్. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఆయన ప్రయోగశాల యంత్రాలు చూసుకునేవాణ్ణి నేనే.

రుబీడియం పరమాణువుల వేగం లేజర్ కాంతితో తగ్గించి, గాలి లేని గాజుపెట్టెలో అయస్కాంతాలతో పట్టి నిలిపి, అంతరిక్షంలో కూడా లేనంత చల్లబరచడం మా పని. ఆ చలిలో లక్షల పరమాణువులు దేనికదిగా ఉండడం మానేసి ఒకే అలగా మెలుగుతాయి. దగ్గరలో పెద్ద ఇనుప వస్తువు కదిలినా ఆ అల చెదురుతుంది. కాబట్టి లిఫ్టు మీద ఆయన అనుమానం మొదట్లో న్యాయమైనదే.

తర్వాత హద్దు దాటింది. లేజర్ ఆగితే లిఫ్టు. నీటి గొట్టం కారితే లిఫ్టు. కాఫీ చల్లారినా లిఫ్టే. చివరికి ఎవరినీ లిఫ్టు ఎక్కనిచ్చేవారు కాదు.

"మోకాళ్ల నొప్పులండీ, పైదాకా ఎలా ఎక్కను?" అని లైబ్రేరియన్ మొత్తుకుంటే, "చెయ్యివ్వండి, నేను ఎక్కిస్తా" అని మెట్లవైపు నడిపించేవారు.

ఒక మధ్యాహ్నం పరిశోధక విద్యార్థిని వెరోనికా ఒక కవాటం తిప్పబోయి ఇంకోటి తిప్పింది. గాజుపెట్టెలోకి బుస్సుమని గాలి దూరింది. దాన్ని మళ్లీ బాగుచేసేసరికి నెలలు పట్టింది. ఈలోగా ఇదే ప్రయోగం మీదున్న వేరే ఊరివాళ్లు ఫలితం ప్రకటించేశారు.

డైరెక్టర్ హోఫర్ అందరినీ పిలిచి నిలదీసింది. "ఎవరి నిర్వాకం ఇది?"

వెరోనికా నోరు తెరిచేలోపే ప్లాట్నర్ అందుకున్నారు. "లిఫ్టు."

"ఆ రోజు లిఫ్టు చెడిపోయి ఆగి ఉంది, ప్రొఫెసర్!"

"ఆగిన లిఫ్టు మరీ ప్రమాదమండీ. దానికి ఆలోచించుకునే తీరిక దొరుకుతుంది."

అందరూ నవ్వారు, డైరెక్టర్ తప్ప. ఈయనకి మతి తప్పిందని తేల్చి, ప్రయోగశాలని తనకు భజన చేసే ఒకడికి అప్పగించింది. ప్లాట్నర్‌కి సైకిళ్ల షెడ్డు పక్కన ఓ ఇరుకు గది మిగిలింది. తాను పెంచిన ప్రయోగశాలలోకి తాను వెళ్లాలంటే అనుమతి అడగాలి. ఆయన దగ్గర డాక్టరేట్లు పుచ్చుకున్నవాళ్లలో ఒక్కడూ కిక్కురుమనలేదు.

నేను ఆయన పుస్తకాల పెట్టెలు ఆ గదిలో దించుతుంటే వెరోనికా ఏడుస్తూ వచ్చింది.

"నా తప్పుకి మీరు పిచ్చివారనిపించుకోవడమేంటి సార్? ఇప్పుడే వెళ్లి నిజం చెప్పేస్తా."

"చెబితే నిన్ను పంపించేస్తుంది. పరమాణువులు పోతే మళ్లీ పట్టుకోవచ్చమ్మా. బెదిరిపోయిన మనిషి మళ్లీ దొరకడు. నా తోటివాడొకడు ఇలాగే నలుగురిలో మాటపడి వెళ్లిపోయాడు. నాకన్నా తెలివైనవాడు. ఇప్పుడు మంచు మీద జారేవాళ్లకి బూట్లు అద్దెకిస్తున్నాడు."

"అయినా సరే, చెబుతాను."

ఆయన కంగారుగా తలుపుకి అడ్డం నిలబడ్డారు. "వద్దు తల్లీ! పిచ్చివాడని పేరు తెచ్చుకోడానికి జీవితమంతా కష్టపడ్డాను. ఒక్క మాటతో నన్ను మామూలు మనిషిని చేసి పారేస్తావా?"

ఏడుస్తున్న పిల్ల ఫక్కుమంది.