నేను చూడని కొండకి మా మావని తీసుకెళ్లిన రోజు

మనిషిని చంపాలంటే కత్తీ బల్లెం అక్కర్లేదండీ. అద్దె కారు ఒకటి, చేతిలో ఫోను ఒకటి, "అక్కడన్నీ దొరుకుతాయి" అనే మాట ఒకటి ఉంటే సరిపోతుంది. ఈ మూడింటితో నేను మా మావని ముప్పావు వంతు చంపేశాను. మిగిలిన పావు వంతు పట్టుకుని కొండల్లో ఉండే ఒక సవర ముసలమ్మ వెనక్కి లాగింది. నవ్వుకోవడానికే చెబుతున్నాను గానీ, చెబుతుంటే ఇప్పటికీ అరచేతులకి చెమట పడుతుంది. మీరు నా మొహం చూసి ఆగకండి. నవ్వండి.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. నరసన్నపేటలో సెల్‌ఫోన్ల షాపు. కవర్లు అమ్ముకునే మనిషినే అయినా, మా చుట్టాల్లో నాకున్న పేరు మాత్రం పెద్ద యాత్రికుడని. కారణం నా ఫోను స్టేటస్. రోజూ పొద్దున్నే ఒక ఫొటో: ఒకరోజు అరకు లోయలో మంచు, ఒకరోజు కేరళ పడవలు, ఇంకోరోజు కాశ్మీరు సరస్సు. కింద ఒకే వాక్యం: "మనసు ఇక్కడే ఉండిపోయింది." మనసు సంగతి తెలీదు గానీ మనిషి మాత్రం ఆ దరిదాపులకి ఏనాడూ పోలేదు. ఫొటోలన్నీ ఎవరెవరో తీసినవి. నేను సొంత కాళ్లతో చూసినవి సింహాచలం, విశాఖ బీచి. బీచిలో చెప్పులు పోగొట్టుకున్నాను కాబట్టి అదీ సరిగ్గా చూడలేదు.

అయినా జనం వచ్చి అడిగేవారు. "ఒరే రామూ, లంబసింగిలో సలి ఎలాగుంటాదిరా?"

"రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడతాయి బాబాయ్!" అని షాపు స్టూలు మీంచి లేవకుండానే చెప్పేవాణ్ణి. చెబుతుంటే నాకే చలేసేది. అంత ఘనుణ్ణి.

ఇక మా మావ. పేరు గవరయ్య. మా అమ్మకి సొంత తమ్ముడు, పైగా నాకు పిల్లనిచ్చినవాడు. ఆమదాలవలసలో నలభై ఏళ్లు ధాన్యం వ్యాపారం చేశాడు. బస్తాలోంచి పిడికెడు వడ్లు తీసి, ఒక గింజ కొరికి, అది ఏ ఊరి పొలమో చెప్పేసేవాడు. అలాంటి మనిషికి సుగరు ముదిరి, ఎడంకాలు వేళ్లు రెండు తీసేశారు. కొట్టు ఇంకొకరికి అప్పజెప్పేశాడు. ఆ రోజు నుంచి గోడవైపు తిరిగి కూర్చోవడమే. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. మా అత్త పార్వతమ్మ వంటింట్లో కళ్లు తుడుచుకుని, నవ్వు మొహం పెట్టుకుని బయటికొచ్చేది. ఆయన ఆ మొహాన్ని కూడా చూసేవాడు కాదు.

మా ఆవిడ సరోజ ఒకరోజు నన్ను పట్టుకుంది. "బావా, నువ్వు అన్నూళ్లూ తిరిగినోడివి కదా. నాన్నని ఎక్కడికైనా తీసుకెల్లు. పచ్చగున్న సోటు సూస్తే మల్లీ మాటాడతాడేమో. ఇలాగే వదిలేస్తే మనకి దక్కడు."

నేను వెళ్లి మావ పక్కన కూర్చున్నాను. "ఎక్కడికెల్దాం మావా?"

గోడనే చూస్తూ అన్నాడు, "మహేంద్రగిరి. రైల్లో ఎల్లినప్పుడల్లా సూసినాను. పైకెక్కలేదు. నువ్వు సూసినావా?"

పదిహేను రోజుల్లో ఆయన నోట వచ్చిన మొదటి మాటలవి. గుమ్మం దగ్గర అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. అలాంటప్పుడు "చూడలేదు మావా" అని ఏ మనిషైనా అంటాడు. నేనన్లేదు.

"రెండు మాట్లు," అన్నాను. రెండుసార్లెందుకో అడక్కండి. ఒకసారంటే మరీ చిన్నగా అనిపించింది.

"పైదాకా కారెల్తాదా? నాను నడవలేనురా."

"గుడి ముందు దింపుతాది."

"మరి తిండి?"

"హోటల్లున్నాయి మావా. ఇడ్లీ, పూరీ, భోజనం. అక్కడన్నీ దొరుకుతాయి."

వర్షాలు కాస్త తెరిపిచ్చిన రోజులవి. ఆదివారం పొద్దున్న ఆరింటికల్లా కారు తెచ్చాను. మావ ఇన్సులిన్ ఇంజెక్షను చేసుకుని రెండు ఇడ్లీలు తిన్నాడు. పది గంటలకి తినడానికని అత్త ఒక గుడ్డ సంచి కట్టింది. అందులో చపాతీల క్యారేజీ, అరటిపళ్లు, పంచదార పొట్లం. కానీ డిక్కీలో చోటేదీ? నా ఫొటోలకి మూడు కాళ్ల స్టాండు ఒకటి, కొండమీద పాటలకని పొయ్యి దిమ్మంత స్పీకరు ఒకటి అప్పటికే ఎక్కించాను.

"ఇదెందుకత్తా? దించేద్దాం."

"డాక్టరుబాబు సెప్పినాడు రామూ. పంచదార ఎప్పుడూ దగ్గరుండాలట."

"కొండమీద పంచదార దొరకదా? టీ కొట్లే పది ఉన్నాయి!"

"నువ్వు ఎల్లొచ్చినోడివి. నీకు తెల్దా," అని అత్త సంచిని తనే అరుగు మీద పెట్టేసింది. చేతిలో ఒక్క బిస్కెట్ల పొట్లం మాత్రం ఉంచుకుంది. టెక్కలి దాటాక దాన్ని ముందుకి అందించి, "నువ్వూ రెండు తిను బాబూ," అంది. డ్రైవింగు చేస్తూ నేను రెండూ తిన్నాను, మిగతా పదీ తిన్నాను.

దారంతా మావ కిటికీలోంచి చూశాడు. చూడ్డమే కాదు, మాట్లాడాడు! "ఈ ఊడుపు ఆలస్యమైనాది." "ఆ సేనికి ఎరువు ఎక్కువైనాది, పడిపోద్ది." వెనక సీట్లో సరోజ నా భుజం మీద చెయ్యేసి నొక్కింది. ఆ ఘనతని చాటుకోవడానికి నేను ప్రతి చెరువు దగ్గరా కారాపి ఫొటోలు తీశాను. మందస చేరేసరికి పదిన్నర దాటింది.

అక్కడ ఫోను కుడివైపు తిరగమంది. తిరిగితే, మేకలు తోలుకొస్తున్న పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. "అటెక్కడికి బాబూ? కొండమీదికి ఇటు కారెల్దు. ఒడిశా వైపునుంచి సుట్టూ తిరిగి ఎల్లాల."

"మరి నువ్వు రెండుమాట్లూ ఎటునుంచెల్లినావు బావా?" అంది సరోజ.

"ఇటే. ఆయనకేటి తెలుసు," అన్నాను.

పుట్టినప్పట్నుంచీ ఆ కొండ కిందే మేకలు కాస్తున్న మనిషికి ఏం తెలుసట!

తారురోడ్డు కంకరరోడ్డయింది. కంకరరోడ్డు ఎర్రమట్టి గాడి అయింది. గాడి ఒక బురదగుంటలో ముగిసింది, అందులో మా కారు ముందు చక్రం కూడా ముగిసింది. ఫోనులో సిగ్నలు లేదు. కిందికి దిగి చూస్తే కొండ లేదు. మబ్బు దిగిపోయి నాలుగు వైపులా తెల్లగా ఉంది. పదడుగుల అవతల నిలబడ్డ అత్త కూడా సగమే కనిపిస్తోంది.

అప్పుడైనా తిరిగి నడుచుకుంటూ మందస వైపు దిగొచ్చు కదా? దిగితే నా రెండు మాట్లు ఏమైపోవాలి? "పైనే, పది నిమిషాలు. మలుపు తిరిగితే హోటలు," అన్నాను. మావ చేతికర్ర తీసుకుని, నన్ను నమ్మి, వేళ్లు లేని కాలుతో ఎక్కడం మొదలుపెట్టాడు.

పది నిమిషాలు అరగంటయింది. తర్వాత గంటయింది. మావ ఆగి ఆగి నడుస్తున్నాడు. అంత చల్లగాలిలో చొక్కా తడిసిపోయింది.

"ఆకలేస్తందిరా," అన్నాడు.

"బిస్కెట్లు తియ్యి బావా," అంది సరోజ.

"అయిపోయినాయి," అన్నాను నేల చూస్తూ.

ఇంకాస్త దూరం పోయాక మావ గట్టిగా మాట్లాడ్డం మొదలెట్టాడు. "ఒరే, ఆ బస్తా కాటా మీద ఎట్టు. తేమున్నాది. నాను కొనను."

"ఇక్కడ బస్తాలేటి మావా?"

"దొంగ కాటా ఎట్టినావురా నువ్వు! నీ మొకంలోనే తెలస్తంది, దొంగ నాయాలా!"

నేనేం చేశానో చెబితే మీరు నన్ను కొడతారు. నాకు కోపమొచ్చింది. పెళ్లాం ముందు అల్లుణ్ణి పట్టుకుని దొంగ అనడమా! "సూడు, మీ నాన్న ఎంత మాటన్నాడో," అని సరోజతో తగువుకి దిగాను. ఆమె నా మాట వినట్లేదు. తండ్రి మొహంలోకి వంగి చూస్తోంది.

"బావా. నాన్న కళ్లు సూడు."

ఆ కళ్లు మమ్మల్ని చూడ్డం లేదు. మావ రాయి మీద కూర్చోబోయాడు, రాయి పక్కనే జారిపోయాడు. అత్త తల పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. "పంచదార! ఎవరైనా పంచదార ఇయ్యండి!" అని అరిచింది. ఎవరివ్వాలి? ఉన్నది మేమే. పంచదార ఆమదాలవలసలో అరుగు మీద ఉంది.

అత్త అరుపు ఆపేసింది. చిన్నగా అడిగింది. "రామూ, హోటలెంత దూరం?"

ఆ మాటలో కోపం లేదు. ఇంకా నమ్మకమే ఉంది. అదే నన్ను కోసింది.

"తెల్దత్తా," అన్నాను. "నేనెప్పుడూ రాలేదు."

తిడతారనుకున్నాను. సరోజ నన్ను ఒక్కసారి, ఎవరో దారినపోయేవాణ్ణి చూసినట్టు చూసింది. "పరిగెట్టు," అంది.

పరిగెత్తాను. మబ్బులో దారి తెలీదు. రెండుసార్లు పడ్డాను, మోకాలు చీరుకుపోయింది. ఎక్కడో కోడి కూసింది. ఆ కూతని పట్టుకుని పోతే నాలుగు గుడిసెల సవర గూడెం, ఒక గుమ్మంలో చేటతో ఒక ముసలమ్మ.

"పంచదార! అమ్మా, పంచదార! మా మావకి సుగరు!"

"సుగరు జబ్బోల్లకి తీపెట్టకూడదంట కదా," అంది ఆవిడ. అంతకన్నా తెలివైన ప్రశ్న ఆ రోజు ఎవరూ వెయ్యలేదు.

"ఎక్కువవలేదమ్మా, తక్కువైపోయింది!"

"ఏటో మీ జబ్బులు," అని లోపలికెళ్లి, సీసాలో రెండు వేళ్ల మందం తేనె ఉంటే తీసుకుని బయల్దేరింది. ఆవిడ నడుస్తోంది. నేను వెనక పరిగెడుతున్నాను. అయినా ఆవిడే ముందుంది.

పైకెక్కుతుంటే మబ్బులోంచి ఏడుపు వినిపించింది. మా వైపు ఆడవాళ్లు శవం దగ్గర కూర్చుని, పోయినవాడు చేసిన మంచి ఒక్కొక్కటీ తలుచుకుంటూ ఏడుస్తారే, ఆ ఏడుపు. అత్త గొంతు. కొట్టు పెట్టిన నాటి సంగతి చెబుతోంది. కూతురు పుట్టినప్పుడు ఊరంతా మిఠాయి పంచిన సంగతి చెబుతోంది. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అయిపోయిందనుకున్నాను. ముందుకెళ్లి చూడాలనిపించలేదు. ముసలమ్మ వెనక్కి తిరిగి, "ఏడుపు తరవాత. రా," అంది.

మావ మొహం బూడిద రంగుకి తిరిగింది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ముసలమ్మ కూలబడి, ఆయన్ని పక్కకి తిప్పి, వేలితో తేనె తీసి బుగ్గ లోపల రాసింది. ఏమీ లేదు. మళ్లీ రాసింది. ఏమీ లేదు. అత్త ఏడుపు ఆపేసింది. నేను అప్పటిదాకా మొక్కిన దేవుళ్లకి, మొక్కని దేవుళ్లకి, చూడకుండానే ఫొటోలు పెట్టిన గుళ్ల దేవుళ్లకి కూడా మొక్కేశాను.

మావ నాలుక కదిలింది. బుగ్గలో తేనె వెతుక్కుంది.

మరో పావుగంటకి కళ్లు తెరిచాడు. సీసా ఖాళీ చేశాడు. చుట్టూ ఉన్న తెల్లటి మబ్బుని చూసి, మొహం చిట్లించి, మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఆ ఊరివాళ్లు నలుగురొచ్చి ఆయన్ని ఒక మంచం మీద పడుకోబెట్టి కిందికి మోశారు, తాళ్లు కట్టి కారు బయటికి లాగారు. పలాస ఆసుపత్రిలో డాక్టరు, "ఇంకాస్త ఆలస్యమైతే నా దగ్గరికి తేవక్కర్లేకపోయేది," అన్నాడు.

నేను స్టేటస్‌లన్నీ తీసేశాను. సరోజ నలభై రోజులు నాతో మాట్లాడలేదు. అవసరమైతే గోడతో చెప్పేది, నేను వినేవాణ్ణి.

కానీ మావ మాట్లాడ్డం మొదలుపెట్టాడు! గోడ వైపునుంచి వీధి వైపు తిరిగాడు. సాయంత్రాలు తన పాత కొట్టు బల్ల మీద కూర్చుని మహేంద్రగిరి కబుర్లు చెప్పేవాడు. మబ్బు తప్ప మాలో ఎవరికీ ఏమీ కనబడని ఆ కొండ మీద ఆయనకి ఏరు కనిపించింది, పూలచెట్లు కనిపించాయి, పల్లంలో ఆకుపచ్చటి వరిచేలు సముద్రం దాకా కనిపించాయి. జనం నోళ్లు తెరుచుకుని వినేవారు.

ఒకరోజు నేను పక్కనే ఉండగా గొంతు తగ్గించి చెప్పాడు. "ఆ ఏటి ఒడ్డున మా అమ్మ కూకోని వడ్లు సెరుగుతన్నాదిరా. నాకు ఆరేళ్లప్పుడు పోయినాది కదా. అదే సీర. 'గవరా, రా' అన్నాది. ఎల్లి పక్కన కూకుందావని రెండడుగులేసినాను. ఇంతలో మీరు నా నోట్లో తేనె ఎట్టి లేపేసినారు." నా వైపు చాలా నిష్ఠూరంగా చూశాడు. "ఇంకో పది నిమిషాలు ఆగలేకపోయినారా? మల్లీ ఎప్పుడు తీసుకెల్తావు?"

కాబట్టి మీ అందరి సాక్షిగా, రెండు చేతులూ జోడించి ప్రమాణం చేస్తున్నాను: చూడని ఊరిని చూశానని ఈ జన్మలో అనను. మా ఇంటి పక్క వీధి గురించి అడిగినా, వెళ్లి చూసొచ్చాకే జవాబు చెబుతాను. మావ చూసొచ్చిన ఆ చోటు గురించి ఎవరైనా అడిగితే మాత్రం ఉన్నమాటే చెబుతాను. నేను చూడలేదండీ. చూడాలని తొందరా లేదు.