మునిగిన దుకాణంలో తరాజు కొక్కెం

డ్యాం నీళ్ళలో మా ఊరు మునుగుతుందని ముందే చెప్పారు. అందరూ తలుపులూ దూలాలూ విప్పి బండ్లకెత్తుతుంటే మా బాపు దుకాణం మూయలేదు. ఊరు విడిచిపోయేవాళ్ళకు ఉప్పూ పప్పూ కావాలి కదా, ఇంకొక్క బేరం, ఇంకొక్క బేరం అంటూ కూర్చున్నాడు. ఒకనాటి పొద్దున కృష్ణా నది వచ్చి గడప ఎక్కింది. సరుకు ఎత్తాం, తరాజు ఎత్తాం. తాత నాటి నుంచి ఆ తరాజు వేలాడిన ఇనుప కొక్కెం వసారా దూలానికే ఉండిపోయింది.

కొత్తకోటలో కొత్త దుకాణానికి ముహూర్తం పెట్టారు. ఆ కొక్కెం లేనిదే తరాజు కట్టనని బాపు మొండికేశాడు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. బేరమాడి ఏదైనా తేగలనని నమ్మకం. ఏట్లో పుట్టి నడిపే ఆయన దగ్గరికి పోయాను. గేట్లెత్తారు, నీళ్ళు గుంజుతున్నాయి, ఎండాకాలం దాకా ఆగితే నడుచుకుంటూ పోయి తెచ్చుకోవచ్చన్నాడు. ముహూర్తం ఎల్లుండే. చివరికి నేనే దిగుతాను, నా నడుముకు మోకు కట్టి పట్టుకుంటే చాలన్నాను. ఇరవై లెక్కపెట్టి పైకి లాగుతానన్నాడు. బేరమాడకుండా ఒప్పుకుంటే మా వంశానికే తలవంపు. నలభై అన్నాను. ముప్పైకి తెగింది.

పుట్టిలో పోయి చూస్తే దుకాణం మీది మా మేడగోడ జానెడు నీళ్ళపైన కనిపిస్తోంది. దాని వెంట దిగాను. బురదనీళ్ళలో కళ్ళకేమీ కనపడలేదు గానీ చేతులకు అంతా గుర్తుంది. దూలం దొరికింది, కొక్కెం దొరికింది. బాపు కూర్చునే అరుగు కాలికి తగిలింది. చిన్నప్పుడు బెల్లం గోకి తిని దెబ్బలు తిన్న జాగా. అంతలో నీళ్ళు నా కాళ్ళు పట్టి బజారు వైపు ఈడ్చాయి. రెండు చేతులా కొక్కేనికి వేలాడాను. అది విప్పాలంటే ఒక చెయ్యి వదలాలి. వదిలే ధైర్యం లేదు. ఊపిరి అయిపోయింది. బేరంలో గెలిచినందుకు బతుకులో మొదటిసారి ఏడుపొచ్చింది.

మోకు గుంజింది, పట్టు జారింది. పుట్టిలో పడి దగ్గుతూనే, అప్పుడే ముప్పై అయిందా అని అడిగాను.

“పదిహేనుకే గుంజిన సేటూ,” అన్నాడాయన. “దుకాణపోళ్ళ మాట నాకెరుకే. సగం తీసేసి ఇనాలె.”

బాపుకు ఉత్త చేతులు చూపించాను. తిడతాడనుకుంటే ఒకటే అడిగాడు.

“కొక్కెం ఒంగిందా?”

“లే బాపూ. నా బరువంత ఏలాడిన, జర గూడ కదలలే.”

మర్నాడు బాపు తానే కమ్మరి దగ్గర కూర్చుని కొత్త కొక్కెం చేయించాడు. ముహూర్తం నాడు అది దూలానికి బిగించాక నేను తరాజు అందించబోతే ఆపాడు.

“ముందుగాల నువ్వు ఏలాడు బిడ్డా.”

వచ్చినవాళ్ళందరి ముందూ కొత్త ధోతి ఎగ్గట్టుకుని వేలాడాను. బాపు నా వైపు కాదు, కొక్కెం వైపే చూస్తున్నాడు. అది కదల్లేదు. అప్పుడు తరాజు కట్టాడు.