లైన్ దొరకలేదని చెప్పిన రోజులు

ఈ మధ్య బస్సెక్కితే చాలు, ఎవరో ఒకరు చేతిలోని ఫోను చూపించి, "ఇది వచ్చాకే మనుషులు ఒంటరివాళ్లయిపోయారండీ" అంటుంటారు. నేను తల ఊపి ఊరుకుంటాను. వాదించే ఓపిక లేదు. కానీ నాకా మాట మీద నమ్మకం లేదు. ఊరంతటికీ పది పన్నెండు ఫోన్లున్న రోజుల్లో, ఆ పది పన్నెండూ నా చేతి మీదుగానే పలికిన రోజుల్లో, నా అంత ఒంటరి మనిషి ఆ తాలూకాలో ఇంకొకరు ఉండేవారు కారేమో.

అవి ఎనభైల చివరి సంవత్సరాలు. కర్ణాటకలోనే ఉన్నా తెలుగు మాట్లాడే పావగడ తాలూకాలో, ఒక హోబళి ఊరికి, అంటే చుట్టుపక్కల పల్లెలకు కేంద్రమైన ఊరికి, నన్ను టెలిఫోన్ ఆపరేటర్‌గా వేశారు. బెంగళూరులో పుట్టి పెరిగినదాన్ని. ముప్ఫై దాటాయి, పెళ్లి కాలేదు. అమ్మానాన్నా పోయాక అన్నయ్య ఇంట్లో ముందు గదిలో ఒక మంచం నాది. ఆర్డరు వచ్చిన రోజు వదిన "అయ్యో, అంత దూరమా!" అంది. ఆ మాటన్న నోటితోనే, నా మంచం తీసేస్తే కుట్టుమిషన్ ఎక్కడ పెట్టుకోవచ్చో కూడా అనేసింది. ఆమెను తప్పు పట్టను. ఇరుకు ఇళ్లలో ఆలోచనలు అలాగే వస్తాయి.

ఎక్స్ఛేంజ్ అంటే రాతిబండలు పరిచిన రెండు గదుల మిద్దె. ముందు గదిలో చెక్క బోర్డు, దానికి వరసగా చిన్న చిన్న మూతలు. నూనె మిల్లువాళ్లో, పోలీస్ స్టేషనువాళ్లో తమ ఫోను పిడి తిప్పితే వాళ్ల నంబరు మూత టప్పున పడేది. నేను తీగ గుచ్చి ఎవరు కావాలో అడగాలి. పై ఊరికైతే ముందు పావగడ, అక్కడి నుంచి తుమకూరు, తర్వాత బెంగళూరు. ఒక్కో మెట్టూ దొరకడానికి ఒక్కోసారి పూటంతా పట్టేది.

పట్నంలో ఎవరూ ఎవరినీ పట్టించుకోరు, పల్లెలో అందరూ ఆప్యాయంగా ఉంటారు అని చెప్పేవాళ్లు పల్లెలో జీతం ఉద్యోగానికి వెళ్లి ఉండి చూడలేదు. వెళ్లిన వారంలోనే అందరూ నన్ను మూడు ప్రశ్నలు అడిగేశారు. మీదే ఊరు, మీరేం జనం అంటే ఏ కులం, పెండ్లి యాల కాల్యా. మూడింటికీ జవాబు దొరికాక నాతో వాళ్లకిక పని లేదు. బోరింగు దగ్గరికి బిందెతో వెళితే ఆడవాళ్లు పక్కకు జరిగి, "మేడమ్మా, మీరు పట్టుకోండి" అని ముందు వదిలేవాళ్లు. మర్యాదే. కానీ కబుర్లు ఉండేది ఆ వరసలోనే. వరస లేనిదానికి కబుర్లూ ఉండవు. రెండు నిమిషాల్లో బిందె నింపుకొని ఇంటికి వచ్చేదాన్ని. వెనక మళ్లీ మాటలు మొదలయ్యేవి.

వానలు లేని వరస ఏళ్లవి. వేరుశనగ తప్ప ఇంకో పంట ఎరగని నేల. వేసేవాళ్లు, ఎండేది, మళ్లీ వేసేవాళ్లు. సోమవారం సంతకు వచ్చిన జనంలో సగం మంది కొనడానికి కాదు, బెంగళూరు బస్సులో వెళ్లినవాళ్ల కబురు ఏమైనా తెలుస్తుందేమోనని వచ్చేవాళ్లు.

అలాంటి ఒక సోమవారం ఆమె వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. నాలుగు మైళ్ల దూరంలోని పల్లె. కాళ్లకు చెప్పుల్లేవు, మోకాళ్ల దాకా ఎర్రటి దుమ్ము. కొంగు ముడి విప్పి, నంబరు రాసిన బీడీకట్ట కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"మా ఇంటాయన బెంగళూరు హోటల్లో పిండి రుబ్బుతాడు మేడమ్మా. ఆయప్పతో మాట్లాడాల. అయితాదా?"

అది పి.పి. కాల్. ఫలానా మనిషే కావాలని అడిగేది. ఆ మనిషి ఫోను దగ్గరికి వస్తేనే కలుపుతాం. పొద్దున పదికి బుక్ చేస్తే మధ్యాహ్నం రెండున్నరకు లైన్ దొరికింది. అంతసేపూ ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుంది. కుర్చీ చూపిస్తే, "ఈడ్నే బాగుండాది" అంది.

కలిపాక ఆపరేటరు లైన్లోంచి తప్పుకోవాలి. అది నియమం. నేను తప్పుకోలేదు.

"తింటివా?" అన్నాడతను.

"తిన్యా. నువ్వో?"

"ఆఁ. వాన పడిందా?"

"యాడి వాన. మోడం వస్తాది, పోతాది."

"శెనక్కాయ చెట్టు ఎట్లుండాది?"

"పూత పట్టింది. ఊడ ఇంకా నేలకు దిగల్యా."

ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడలేదు. మూడు నిమిషాల్లో సగం అలాగే గడిచింది. నేను లైన్ తెగిందేమోనని చూశాను. తెగలేదు. అతని ఊపిరి వినిపిస్తోంది, వెనక గిన్నెల చప్పుడు. ఆమె రెండు చేతులతో రిసీవరు పట్టుకుని కళ్లు మూసుకుంది. సమయం అయిపోయిందని నేను చెప్పాల్సి వచ్చింది. నేను ఎన్నో కాల్స్ విన్నాను. ఆ మౌనం లాంటి మాట ఇంకోటి వినలేదు. నా కోసం అలా ఫోను పట్టుకుని ఊరికే నిలబడే మనిషి ఎవరున్నారని ఆ సాయంత్రం లెక్కపెట్టుకున్నాను. ఎవరూ లేరు.

తర్వాత నెలకొకసారి వచ్చేది. లైను కోసం కూర్చునే గంటల్లో మాటలు కలిశాయి. ఉడికించిన వేరుశనగ కాయలు తెచ్చేది, నేను కాఫీ కలిపేదాన్ని. బెంగళూరు గురించి అడిగేది.

"ఆడ ఇండ్లు ఒగదాని మీద ఒగటి ఉంటాయంట గదా. పైనోళ్లు నడిస్తే కిందోళ్లకు తెలుస్తాదా?"

"తెలుస్తుందక్కా. దగ్గినా తెలుస్తుంది."

"మరి దగ్గితే అడుగుతారా, ఏమైందని?"

"అడగరు."

ఆమె కాయ ఒలుస్తూ, "పాపం, వాళ్లకు ఎంత పనుంటాదో" అంది. నేను నవ్వాను. ఎన్ని నెలల తర్వాత నవ్వానో. మేడమ్మా అన్న పిలుపు ఎప్పుడు "పాపా" అయిందో నాకు గుర్తు లేదు. ఆమె వచ్చే సోమవారాలను నేను కేలెండరులో చూసుకునే దశకు వచ్చాను.

అలా దాదాపు ఏడాది. ఒకరోజు హోటల్లో గల్లా దగ్గరి మనిషి ఫోనెత్తి కన్నడలో విసుగ్గా చెప్పాడు. "కరెంటు గ్రైండర్ పెట్టాం. రుబ్బేవాళ్లను ఇద్దరినీ పంపించేశాం. ఎక్కడికి పోయాడో నాకేం తెలుసు?" ఆ మాట నా చెవిలోని హెడ్‌ఫోనులో పడింది. ఆమెకు వినిపించలేదు. గోడ దగ్గర నుంచి తలెత్తి నా వైపు చూస్తోంది.

"లైన్ దొరకలేదక్కా" అన్నాను.

జాలితో అన్నాననే చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు ఈ వయసులో నిజం రాసేస్తే పోయేదేం లేదు. అతను ఆ నంబరులో లేడని తెలిస్తే ఆమె ఇక్కడికి రావడానికి కారణం ఉండదు. నాకు తోచింది అదే.

తర్వాతి నెలా అదే చెప్పాను. ఆపై నెలా అదే. ఆమె "పోనీలే పాపా, లైనుకేమి తెలుసు మన బాధ" అని కాయలు ఒలిచి నా చేతిలో పెట్టేది. నాలుగోసారి నేను బోర్డు వైపు తిరిగి, ఏ తీగా గుచ్చకుండానే నంబరు అడుగుతున్నట్టు మాట్లాడాను. తిరిగి చూసేసరికి ఆమె లేచి నిలబడి ఉంది.

"ఆయప్ప ఆ హోటల్లో లేడని నాకు తెలుసు పాపా."

హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాను.

"మా ఊరాయన బెంగళూరు నుండి వచ్చి చెప్పినాడు. రెండు నెలలాయ."

"మరి ఎందుకు వస్తున్నావు?"

"నువ్వు చెప్తావేమోనని." కొంగు సవరించుకుంది. "పోయిన నెల చెప్పలేదు. సరే, ఈ నెల చెప్తాదిలే అనుకుంటి."

అరవలేదు, ఏడవలేదు. వెళ్లిపోయింది. మరుసటి నెల రాలేదు, ఆ పై నెలా రాలేదు. మూతలు టపటపా పడుతూనే ఉన్నాయి. మిల్లువాళ్లు ధరలు అడుగుతున్నారు, స్టేషనువాళ్లు పావగడ అడుగుతున్నారు. ఇంత మంది గొంతులు చెవిలో పెట్టుకుని, నా గొంతుతో రోజుకు నాలుగు ముక్కలు తప్ప మాట్లాడని బతుకు నాది.

ఒక ఆదివారం వాళ్ల పల్లెకు నడిచి వెళ్లాను. చేన్లో ఉందన్నారు. చెట్లు పీకేసిన నేలను గునపంతో తవ్వుతూ, మట్టిలో మిగిలిన కాయలు ఏరుకుంటోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"తప్పయిందక్కా" అన్నాను.

"నా మీద జాలిపడి చెప్పింటే తప్పు గాదు. నీ కోసం చెప్పినావు. దానికే కోపమొచ్చింది." కాసేపు తవ్వింది. "ఒంటిదానివి. నాకు తెలీదా ఏంది?"

ఆ మాటకు నేను ఆ గట్టు మీదే కూర్చుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. పని ముగించి ఇంటికి తీసుకెళ్లి రాగిముద్ద పెట్టింది. తిన్నాక, "నాకు బెంగళూరు తెలీదు. నువ్వు నాతో రావల్ల" అంది.

నేను సెలవు పెట్టాను. తెల్లారి బస్సు పట్టుకుని మధుగిరి మీదుగా వెళ్లాం. హోటల్ వెనక తలుపు దగ్గర వంటవాడు మన తెలుగువాడే దొరికాడు. ఒక కొత్త పేట చెప్పి, ఆమె మొగుడు అక్కడ కట్టే ఇంటికి కాపలా ఉన్నాడన్నాడు. రెండు బస్సులు మారి, అడుగుతూ అడుగుతూ వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. మూడంతస్తుల దాకా లేచిన ఇటుక గోడలు. కింద రేకుల కొట్టం. అతను పైపు పట్టుకుని గోడలకు నీళ్లు కొడుతున్నాడు. సన్నటి మనిషి. ఇన్నాళ్లూ విన్న గొంతుకు ఇతనా మనిషి అనుకున్నాను.

ఆమె ముందు మొగుడిని చూడలేదు. గోడ మీంచి కారి రోడ్డు మీదికి పోతున్న నీళ్లను చూసింది.

"ఇన్ని నీళ్లు గోడకా!" అంది.

అతను తిరిగి చూసి పైపు వదిలేశాడు. "ఏంది నువ్వు! ఎట్లొచ్చినావు?"

"బస్సులో. నెలనెలా ఫోను జేస్తి. నువ్వు ల్యావు."

"ఈడ ఫోను యాడుండాది?"

"జాబు రాయిచ్చొచ్చు గదా."

"ఏమని రాయిచ్చేది? పని పోయిందనా?" అతను కాలితో ఇసుక గీకాడు. "ఒగ మంచి పని దొరికినాక చెప్దామనుకుంటి."

ఆమె కొట్టంలోకి వెళ్లి చూసింది. ఒక చాప, ఒక స్టవ్వు, సిమెంటు సంచులు పరిచిన నేల. బయటికి వచ్చి పైపు ఎత్తి కుళాయి కట్టేసింది. కట్టేసి నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు పో పాపా. నేను ఈడ్నే ఉంటా."

"చేను?"

"చేను యాడికి పోతాది? ఆడ్నే ఉంటాది. మనిషే పోయేది."

నా చేతులు రెండూ పట్టుకుంది. గరుకు చేతులు. "టయానికి తిను" అంది. అంతే. నేను వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి చూస్తే ఇద్దరూ కొట్టం ముందు కూర్చుని ఉన్నారు, మాట్లాడుకోవడం లేదు.

అన్నయ్య ఇల్లు అక్కడికి అరగంట దూరం. వెళ్లలేదు. వెళితే కాఫీ ఇచ్చి, ఎప్పుడు బయల్దేరతావని అడుగుతారు. నేను పుట్టిన ఊళ్లో ఆమెను వదిలి, ఆమె పుట్టిన నేలకు నేను బస్సెక్కాను.

ఆ తర్వాత సోమవారాలు మామూలు సోమవారాలయ్యాయి. కొన్నేళ్లకు ఆటోమేటిక్ ఎక్స్ఛేంజ్ వచ్చింది. ఇనుప బీరువాల్లాంటి యంత్రాలు రెండు దింపి, తీగలు బిగించి, మనిషి అక్కర్లేదన్నారు. నన్ను పావగడలో బిల్లుల కౌంటరుకు మార్చారు. యంత్రం మనుషుల పని తీసేసిందని తోటివాళ్లు బాధపడ్డారు. నాకంత అనిపించలేదు. ఊళ్లోవాళ్లు పడిగాపులు పడకుండా మాట్లాడుకుంటున్నారు, మంచిదే. పని పోవడం కంటే, ఆ పని వల్ల వచ్చి గోడకు ఆనుకుని కూర్చునే మనిషి పోవడం పెద్దది. అది యంత్రం చేసింది కాదు.

ఆమెను చూడటానికి వెళ్లొచ్చు. బస్సుంది, సెలవులున్నాయి. వచ్చే నెల, వానలయ్యాక, అనుకుంటూ వాయిదా వేశాను. కుదురుకుని ఉంటుంది, నేనెందుకు మధ్యలో అనుకున్నాను. ఒంటరితనం అలవాటయ్యాక అదొక బద్ధకంలా పట్టుకుంటుంది. చివరికి డిపార్టుమెంటు పని మీద బెంగళూరు వెళ్లినప్పుడు, మధ్యాహ్నం ఖాళీ దొరికితే ఆ పేటకు వెళ్లాను.

ఇల్లు పూర్తయిపోయింది. గోడలకు లేత పసుపు రంగు, బాల్కనీల్లో పూలకుండీలు. కొట్టం ఉన్నచోట కార్లు. గేటు దగ్గర ఖాకీ చొక్కా మనిషి ఎవరు కావాలని కన్నడలో అడిగాడు. ఇల్లు కట్టేటప్పుడు ఇక్కడ కాపలా ఉన్నవాళ్లు అన్నాను.

"ఇల్లయిపోతే వాళ్లకేం పనమ్మా? ఇంకెక్కడ కడుతుంటే అక్కడికి పోతారు" అన్నాడు.

చుట్టూ చూశాను. ఆ పేటలో అన్ని వైపులా కడుతూనే ఉన్నారు. ఒకదాని దగ్గరికి వెళ్లి అడిగాను. కొట్టం ముందు మూడు రాళ్ల మీద వండుకుంటున్న ఆడమనిషి తలెత్తింది. ఆమె కాదు. ఇంకొకదాని దగ్గరికి వెళ్లాను. అక్కడా కాదు. మూడోదాని దగ్గర ఉన్నవాళ్లు రాయచూరు వైపువాళ్లు, కూర్చోమని మంచినీళ్లిచ్చారు. తాగి, కాసేపు కూర్చున్నాను. పావగడ బస్సుకు వేళవుతోందని లేచాను.